రెండు నాకానోల మధ్య

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. సూట్‌కేసు ఇంకా పూర్తిగా సర్దలేదు. మూత తీస్తే జపాన్‌లోని నగానోలో కొన్న కారప్పొడి వాసన గది నిండా వస్తోంది. ఆ వాసన పోకముందే రాసెయ్యాలని కూర్చున్నాను.

ఈ ప్రయాణానికి మూలం మా వంటిల్లు. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం మా అబ్బాయి హాల్లో 'స్పిరిటెడ్ అవే' అనే జపాన్ బొమ్మల సినిమా పెట్టాడు. కారు వెనక సీట్లో పూలగుత్తి పట్టుకుని పడుకున్న పిల్ల, వెనకాల పియానో. నేను స్టవ్ కట్టేసి వచ్చి కూర్చున్నాను. నా ఎడమచేతి వేళ్లు వాటంతట అవే ఒళ్లో కదులుతున్నాయి. చిన్నప్పుడు విజయనగరం సంగీత కళాశాలలో ఆరేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. పదో తరగతిలో వదిలేశాను. అన్నేళ్ల తర్వాత ఆ వేళ్లను లేపిన సంగీతం జో హిసాయిషి అనే ఆయనది. అప్పటి నుంచి ఆయనవి దొరికినవన్నీ విన్నాను. ఎక్కడి మనిషి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అని వెతికితే నగానో కొండల్లోని నాకానో అనే చిన్న ఊరు తేలింది. 1950 డిసెంబర్ 6న పుట్టాడు. అసలు పేరు మమోరు ఫుజిసావా. నాలుగో ఏట ఆ ఊళ్లోనే వయొలిన్ పట్టాడు.

మా పిన్ని కూతురు పదకొండేళ్లుగా తోక్యో నిషి-కసాయ్‌లో ఉంటోంది. "రా అక్కా, ఇద్దరం వెళ్దాం, నాకూ ఈ ఊరు దాటి చూసినట్టు ఉంటుంది" అంది. వెళ్లాను.

మే 28, మితక, ఆ తర్వాత మొదటి నాకానో

మితక స్టేషన్ నుంచి, ఆ సినిమా తీసిన జిబ్లీ స్టూడియో వాళ్ల మ్యూజియం వరకు తమగావా జోసుయి కాలువ గట్టు మీద నడిచాం. కాలువ ఉందన్న మాటే గాని నీళ్లు కనిపించవు, చెట్లు అంత దట్టంగా కమ్మేశాయి. నీళ్ల చప్పుడు మాత్రం పక్కనే వస్తుంది. ఈ ఊరికి రాగానే ముందు చెవులకు పని పడటం నాకు బాగా నచ్చింది.

మ్యూజియం టికెట్ వెయ్యి యెన్లు. లోపల ఫోటోలు తియ్యనివ్వరు. ఎవరి చేతిలోనూ ఫోన్ లేకపోతే మనుషులు ఎలా ఉంటారో అక్కడ చూశాను. పిల్లలు నేల మీద పాకుతూ చిన్న చిన్న తలుపుల్లోంచి దూరుతున్నారు, పెద్దవాళ్లు గోడల మీది బొమ్మల ముందు నిలబడిపోతున్నారు. బొమ్మలు వేసేవాళ్ల బల్లలు, రంగు సీసాలు, పెన్సిల్ ముక్కలు అన్నీ పెట్టారు. ఒక్క సంగీతానికే బల్ల లేదు. నేను వెతుకుతూ వచ్చింది దానికోసమే కాబట్టి ఆ లోటు కొంచెం గుచ్చుకుంది.

మధ్యాహ్నం ఇనొకషిరా పార్కు బెంచీ మీద ఉమెబోషి పెట్టిన అన్నం ముద్దలు తిన్నాం. నేను చేపలు, మాంసం తినను. జపాన్‌లో నాలాంటివాళ్లను కాపాడేది ఈ ముద్దే. లోపల ఉప్పులో ఊరిన పుల్లటి పండు, చింతకాయ పచ్చడి నడిమధ్య దాచి ముద్ద కలిపినట్టు ఉంటుంది. ఒక్కోటి 150 యెన్లు.

"అక్కా, నాకానో ఇదే లైన్లో ఉంది కదా, షింజుకు ముందు. దార్లోనే దిగేద్దాం, రేపెందుకు?" అంది చెల్లి. నేనూ ఆలోచించలేదు. దిగాం. స్టేషన్ నుంచి పైకప్పు ఉన్న బజారు, దాని చివర బ్రాడ్‌వే అనే పాత భవనం, అన్నీ బొమ్మల షాపులు. ఎక్కడా కొండ లేదు. పాత రికార్డుల కొట్టు ఒకటి కనిపిస్తే లోపలికెళ్లి, హిసాయిషి పుట్టిన ఊరు ఇదేనా అని చెల్లి చేత అడిగించాను. కౌంటర్ దగ్గరి పెద్దాయన రెండు ముంజేతులూ అడ్డంగా కలిపి కాదన్నాడు. నవ్వలేదు, విసుక్కోలేదు. ఒక కాగితం తీసి తోక్యో అని చుక్క పెట్టి, వాయవ్యంగా గీత గీసి, కొండలు వేసి, "షిన్షూ" అని రాశాడు. నగానోకి అది పాత పేరు. తోక్యో నాకానోతో కలిసిపోకుండా అక్కడి స్టేషన్‌కి షిన్షూ-నాకానో అనే పేరు పెట్టారట.

తప్పు ఊళ్లో దిగినా ఆ కొట్టు దొరికింది. పెద్దాయన హిసాయిషి రికార్డులున్న అర దగ్గరికి తీసుకెళ్లి ఒక్కోటీ బయటికి లాగి చూపించాడు. 'నౌసికా' సినిమా 1984 మార్చిలో వచ్చింది. ఆయన చూపించిన మొదటి ఎల్పీ మాత్రం 1983 నాటిది. వీళ్లు దాన్ని ఇమేజ్ ఆల్బమ్ అంటారు. సినిమా ఇంకా తయారవుతుండగానే, కథా కొన్ని బొమ్మలూ చూసి, వాటి గురించి దర్శకుడు చెప్పిన మాటలు విని, ఆ లోకం ఎలా వినిపిస్తుందో ముందే కట్టేసే పాటలు. మన దగ్గర ట్యూన్ ముందా సాహిత్యం ముందా అని అడుగుతాం. ఇక్కడ బొమ్మ కదలడానికి ముందే ట్యూన్.

అప్పటికి హిసాయిషికి 32 ఏళ్లు. కునిటాచి సంగీత కళాశాలలో కంపోజిషన్ చదివాడు. ఒకే చిన్న స్వరగుచ్ఛాన్ని మళ్లీ మళ్లీ వాయిస్తూ కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోయే మినిమల్ సంగీతం మీద ప్రాణం పెట్టుకున్నాడు. 1981లో తాళవాద్యాలతో 'మ్క్వాజు' అనే ఆల్బమ్ చేశాడు. చాలామందికి ఆయనెవరో తెలియదు. పేరు కూడా తనే కట్టుకున్నాడు: అమెరికా సంగీతకారుడు క్విన్సీ జోన్స్ మీద అభిమానంతో, క్విన్సీని జపనీస్ నోట్లో 'కుయిషి' చేసి, ఆ అక్షరాలనే 'హిసాయిషి' అని చదివి, జోన్స్ నుంచి 'జో' తీసుకున్నాడు. 'నౌసికా' నిర్మాత ఇసావో తకహత ఆ ఇమేజ్ ఆల్బమ్ విని, సినిమాకి కూడా ఇతనే కావాలన్నాడు. దర్శకుడు హయావో మియాజాకితో అలా మొదలైన జత 2023లో వచ్చిన 'ది బాయ్ అండ్ ద హెరాన్' దాకా నడిచింది. నలభై ఏళ్లు. 'నౌసికా'లో 'లా ల లలలా' అని పాడిన పసిగొంతు హిసాయిషి కూతురు మాయిది. అప్పుడు ఆ పిల్లకి నాలుగేళ్లు.

ఎల్పీ 3,800 యెన్లు పెట్టి కొన్నాను. ఇంట్లో వాయించే యంత్రం లేదు. అయినా కొన్నాను.

మే 29, తొకొరొజావా

ప్లాట్‌ఫారం మీద రైలు తలుపులు మూసుకునే ముందు హిసాయిషి కట్టిన 'టోటోరో' సినిమా పాట ముక్క మోగింది. ఎవరూ తల ఎత్తలేదు. రోజూ వినేవాళ్లకది గుడిగంట లాంటిది. నేను మాత్రం మళ్లీ వినాలని ఒక రైలు వదిలేశాను, చెల్లి ఏమీ అనలేదు.

సయామా కొండల్లో టోటోరో అడవి నంబర్ వన్ అని ఒక చోటుంది. 'మై నైబర్ టోటోరో' 1988లో వచ్చింది. ఈ కొండలు కూడా ఆ సినిమాకి ఆధారం. 1990లో ఇక్కడివాళ్లు చందాలు మొదలుపెట్టి, ప్లాట్లు పడబోతున్న అడవి ముక్కల్ని కొనడం మొదలుపెట్టారు. 1991లో కొన్న మొదటి ముక్కే నంబర్ వన్. ఇప్పుడు అలాంటివి 60కి పైగా ఉన్నాయి.

మేం ఒక స్టాపు ముందే బస్సు దిగి తేయాకు తోటల మధ్య తిరిగాం. సయామా టీ ఈ చుట్టుపక్కలదే. తోటలో గొడుగు టోపీ పెట్టుకున్న ఒకాయన పని ఆపి, గట్టు దిగి, రోడ్డు మలుపు దాకా మాతో నడిచి దారి చూపించి వెనక్కి వెళ్లాడు. నోటితో చెప్పేస్తే సరిపోయేది. అలా చెప్పి పంపడం వాళ్లకి మర్యాదగా అనిపించదని చెల్లి అంది.

అడవి చాలా చిన్నది. ఒక బోర్డు, పైకి పోయే మెట్ల దారి, ఓక్ చెట్లు. పావుగంటలో చుట్టేయొచ్చు. వాన మొదలైంది. గొడుగు మీద చినుకులు పడుతుంటే ఇద్దరం మాట్లాడటం మానేశాం. సినిమాలో బస్ స్టాప్ దగ్గర పిల్లలు నాన్న కోసం ఎదురుచూసే ఘట్టంలో ఎంతసేపు ఏమీ జరగదో, ఎంత తక్కువ సంగీతం ఉంటుందో గుర్తొచ్చింది. అక్కడ ఇంకెవరైనా అయితే తీగవాద్యాలు నింపేసేవాళ్లు. 1986 నాటి 'కాసిల్ ఇన్ ద స్కై'ని తర్వాత అమెరికాలో విడుదల చేసేటప్పుడు అంత నిశ్శబ్దం అక్కడివాళ్లకి పడదని, సంగీతం పెంచమని హిసాయిషినే అడిగితే ఆయన చాలా భాగం మళ్లీ రాశాడు. రెండూ విన్నాను. నాకు పాతదే గొప్పగా అనిపిస్తుంది. ఖాళీ వదిలిన చోటే మనసు వెళ్లి కూర్చుంటుంది.

మినిమల్ సంగీతం గురించి చదివినప్పుడు అదేదో పడమటి దేశపు ప్రయోగమని అనుకునేదాన్ని. ఆ వానలో 'కాలిబాట గాలి' అని నేను పిలుచుకునే టోటోరో అడవి బాణీని లోలోపల పాడుకుంటుంటే, కింద మెల్లగా తిరిగే ఆ పునరావృతం మా మాస్టారు గంటలకొద్దీ వాయించిన జంటస్వరాల్లాగే అనిపించింది. చిన్నప్పుడు విసుగేసి ఏడ్చేదాన్ని. అందులో సంగీతం ఉందని అప్పుడు తెలియలేదు.

మే 30, నగానో

నగానోలో మొదట తిన్నది ఒయాకి. గోధుమపిండి ముద్దలో కూర పెట్టి కాల్చినది, పెద్ద కుడుమంత ఉంటుంది. నొజావానా అనే ఆకు ఊరగాయ పెట్టినది రెండు తిన్నాను, గుమ్మడికాయది ఒకటి. ఒక్కోటి 230 యెన్లు. నొజావానా పులుపు గోంగూరంత గడుసుది కాదు, కానీ అదే దారిలో వస్తుంది.

సోబా అనే బక్‌వీట్ నూడుల్స్ తినకపోతే నగానో వచ్చినట్టు కాదన్నారు. నంచుకునే పులుసులో చేప సారం ఉంటుంది కదా, వద్దులెండి అన్నాను. కొట్టు ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, వట్టి సోబా, ఉప్పు, వాల్‌నట్ ముద్ద, ముల్లంగి తురుము పెట్టింది. పక్కన చిన్న కారప్పొడి డబ్బా. జెన్కోజి గుడి దారిలో 1736 నుంచి అమ్ముతున్న ఏడు దినుసుల పొడి అది. ఎండుమిర్చి, నువ్వులు, అల్లం, కమలాతొక్క కలిసిన ఘాటు. ఆవిడ ఎదురుగా నిలబడి, నేను మొదటి పోగు తిని తలూపేదాకా కదల్లేదు. పొడి డబ్బాలు ఆరు కొన్నాను.

సాయంత్రం నగానో సిటీ ఆర్ట్స్ సెంటర్ దగ్గరికి నడిచాం. 2016లో ఇది తెరిచినప్పుడు హిసాయిషి కళా దర్శకుడు. ఇక్కడి ఛాంబర్ ఆర్కెస్ట్రాతో బీథోవెన్ సింఫనీలన్నీ తనే నడిపించాడు. అంతకు ముందు 1998లో ఇదే ఊళ్లో జరిగిన వింటర్ పారాలింపిక్స్ ప్రారంభోత్సవానికి కూడా ఆయనే సారథి. ఆ రోజు కచేరీ లేదు. ఇద్దరు హైస్కూలు పిల్లలు అద్దాల గోడ పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటున్నారు. అనిమే, అంటే జపాన్ బొమ్మల సినిమాల సంగీతకారుడు అనగానే చాలామంది ఆయన్ని అక్కడితో ఆపేస్తారు. తకేషి కితానో తీసిన హింస, మౌనం నిండిన సినిమాలకి 1991 నుంచి 2002 వరకు ఏడింటికి సంగీతం ఇచ్చాడు. 'కికుజిరో'లోని 'సమ్మర్' పియానో ముక్క జపాన్‌లో తెలియనివాళ్లు తక్కువ. 2008లో ఒకే ఏడాది 'పొన్యో' కోసం పిల్లల పాటా, శవాలకు చివరి స్నానం చేయించే మనిషి కథ 'డిపార్చర్స్' కోసం చెల్లో సంగీతమూ చేశాడు. ఆ రెండోది ఆస్కార్ గెలిచింది. ఈ రెండూ ఒక్క చేతి నుంచి రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రాత్రి జెన్కోజి సత్రాల్లో ఒకదానిలో ఉన్నాం. గుడి చుట్టూ అలాంటివి 39 ఉన్నాయి. రెండు పూటలా శాకాహారంతో ఇద్దరికీ 23 వేల యెన్లయింది. నువ్వుల జున్ను, వేయించిన చిన్న కొండాకులు, పుట్టగొడుగుల అన్నం. జపాన్‌లో అడగకుండా, టెన్షన్ పడకుండా తిన్న మొదటి భోజనం.

మే 31, రెండో నాకానో

తెల్లవారకముందే లేపారు. గుడి వాకిట్లో మోకాళ్ల మీద వరసగా కూర్చుంటే, పూజకు వెళ్లే పెద్ద గురువు జపమాలతో ఒక్కొక్కరి తల తాకుతూ పోయారు. శఠగోపం పెట్టించుకున్నట్టే తల వంచాను. తర్వాత గర్భగుడి కింద కటిక చీకటి సొరంగం. కుడిచెయ్యి గోడకి ఆనించి నడుస్తూ, ఎక్కడో ఉన్న తాళంచెవిని తడిమి పట్టుకోవాలి. నాకు దొరికింది, చెల్లికి దొరకలేదు. వెనక్కి చెయ్యి పట్టుకుని లాగి దాని మీద పెట్టాను.

నగానో డెంటెట్సు రైలు ఒకప్పుడు తోక్యోలో తిరిగినది. డ్రైవరు నిచ్చెనెక్కి పైగదిలో కూర్చుంటాడు, ముందు అద్దం అంతా ప్రయాణికులకే. దారిలో సుజాకా వస్తుంది, హిసాయిషి హైస్కూలు చదివిన ఊరు. తర్వాత ఆపిల్ తోటలు, ద్రాక్ష పందిళ్లు. దూరంగా ఇంకా మంచు కరగని కొండలు.

షిన్షూ-నాకానోలో దిగగానే గులాబీల పండుగ బ్యానర్లు. ఇప్పొన్‌గి పార్కులో వందల రకాలు పూసి ఉన్నాయి. ముసలమ్మలు ఒక్కో చెట్టు ముందు ఆగి, వంగి, వాసన చూసి, పేరు పైకి చదివి మరీ ముందుకెళ్తున్నారు. రోడ్డు పక్కన మనిషి లేని చెక్క అర, దాన్లో తోటకూర కట్టల్లా ఆస్పరాగస్ కట్టలు, పక్కన డబ్బా. వంద యెన్ల బిళ్ల వేసి తీసుకోవడమే. ఎనోకి పుట్టగొడుగులకి కూడా ఈ ఊరే పెట్టింది పేరు. మధ్యాహ్నం వాటిని సోయా, వెన్నలో వేయించి అన్నం మీద పెట్టించుకున్నాం, ఒక్కోటి 850.

హిసాయిషి ఇంటి కోసం వెతకలేదు. ఎవరి గుమ్మం ముందో నిలబడటం నాకు ఇష్టం లేదు. వెతికింది వేరే సంగతి. ఆయన తండ్రి హైస్కూల్లో కెమిస్ట్రీ మాస్టారు. పిల్లలు సినిమా హాళ్లలో తిరుగుతున్నారేమో చూసిరావడం మాస్టార్ల పనుల్లో ఒకటి. ఆయన కొడుకును వెంటపెట్టుకుని వెళ్లేవాడు. అలా ఏడాదికి దాదాపు 300 సినిమాలు చూశానని హిసాయిషి చాలాసార్లు చెప్పుకున్నాడు. వయొలిన్ క్లాసు, సినిమా హాలు, ఈ రెండింటి మధ్య పెరిగిన పిల్లవాడు. టాక్సీ డ్రైవర్‌ని పాత సినిమా హాలు ఎక్కడ అని అడిగాం. తెల్ల గ్లవుజులు వేసుకున్న ఆ పెద్దాయన కాసేపు తల గోక్కుని, "మీకు కావలసింది షింపెయ్ గారి ఇల్లు" అని తనే నిర్ణయించి అక్కడికి తీసుకెళ్లాడు. 1,500 యెన్లు.

నకయామా షింపెయ్ (1887–1952) ఈ ఊరివాడే. జపాన్ పాడుకునే పాటల్లో ఎన్నో ఆయనవి. 1914లో దేశమంతా ఊగిపోయిన 'కత్యూషా పాట' బాణీ ఆయనదే. దర్శకుడు కురొసావా తీసిన 'ఇకిరు' సినిమాలో మంచులో ఉయ్యాల ఊగుతూ ముసలాయన పాడేది కూడా ఆయన పాటే. 'ఫురుసాతో' అనే పుట్టినూరి పాట రాసిన తకానో తత్సుయుకి పుట్టిన పల్లె కూడా ఇప్పుడు నాకానోలోనే కలిసింది.

షింపెయ్ స్మారక మందిరంలో మెల్లగా 'షబొన్‌దామా' వినిపిస్తోంది, సబ్బుబుడగల మీద పిల్లల పాట. నేను నిలబడిపోయాను. ఎడమచేతి వేళ్లు మళ్లీ కదులుతున్నాయి. స రి గ ప ద. మోహనం! అక్కడ పనిచేసే అమ్మాయిని ఈ స్వరాల వరసకి మీ పేరేమిటి అని చెల్లి చేత అడిగించాను. "యోనా-నుకి" అంది. యో అంటే నాలుగు, నా అంటే ఏడు. నాలుగో స్వరం, ఏడో స్వరం తీసేసినది. మ, ని తీసేస్తే మనకి మోహనమే కదా. షింపెయ్ పాటల్లో చాలా వాటికి ఇదే నడక.

వంటింట్లో నన్ను స్టవ్ కట్టేయించినదేమిటో అక్కడ కొంత అర్థమైంది. హిసాయిషి బాణీలన్నీ ఈ వరసలో ఉండవు, ఆయన వేసే పియానో స్వరమేళాల్లో జాజ్ ఉంది, ఫ్రెంచి సంగీతం ఉంది. కానీ వాటి పైన తేలే పాట మాత్రం చాలాసార్లు ఈ ఐదు మెట్ల దగ్గరికే తిరిగొస్తుంది. వీధుల్లో, బళ్లలో షింపెయ్ పాటలు పాడే ఊళ్లో పెరిగిన పిల్లవాడి చెవి అది. నేను మొట్టమొదట నేర్చుకున్న గీతం కూడా మోహనమే, 'వరవీణా మృదుపాణి'. ఆ అమ్మాయికి రెండు పాదాలు పాడి వినిపించాను. గొంతు వణికింది. ఆమె రెండు చేతులూ ముందు కట్టుకుని, పాట అయ్యేదాకా నిలబడి, తల వంచింది.

జూన్ 1, మత్సుమొతో

ఇక్కడికి రావడం మొదట ప్లాన్‌లో లేదు. నాకానోలో హిసాయిషి చేరింది సుజుకీ పద్ధతి వయొలిన్ బడి. దాని మూలం మత్సుమొతోలో. షినిచి సుజుకీ బెర్లిన్‌లో నేర్చుకుని వచ్చి, యుద్ధం అయిన మరుసటేడు 1946లో ఇక్కడ బడి పెట్టాడు. ఏ పిల్లవాడైనా అమ్మ మాట వింటూ మాట్లాడటం నేర్చుకుంటాడు, సంగీతం కూడా అలాగే చెవితో రావాలి, నొటేషన్ తర్వాత, అన్నది ఆయన పద్ధతి. ముందు తల్లి నేర్చుకోవాలి, పిల్ల చూడాలి.

కోట ఎండలో నల్లగా మెరుస్తోంది. ఊరంతా ఊటబావులు, వచ్చేపోయేవాళ్లు సీసాలు నింపుకుంటున్నారు. మేమూ నింపుకుని ఫుకాషి వీధిలో సుజుకీ భవనం దాకా వెళ్లాం. లోపలికి పోలేదు. ఎదురుగా బస్ స్టాప్ బెంచీ మీద ఒక అమ్మమ్మ, నాలుగేళ్ల మనవడు. వాడి ఒళ్లో నా మూరెడు కూడా లేని వయొలిన్ పెట్టె. ఇంత చిన్నవి ఉంటాయని నాకు తెలియదు. మేం ఫుల్ సైజు ఫిడేలునే పాదం మీద ఆనించి నేర్చుకున్నాం.

చెల్లి మాట కలిపింది. మీ దేశంలో కూర్చుని వాయిస్తారట కదా, నిజమేనా అని ఆవిడ అడిగింది. నేను బెంచీ మీదే కాలు మడిచి, వాటర్ బాటిల్‌ని గుండెకీ మడమకీ మధ్య ఆనించి చూపించాను. వాడు కిందకి దిగి నా మడమ దగ్గరికి వంగి చూశాడు. మొదట ఏం నేర్పుతారు అని ఆవిడ అడిగింది. స రి గ మ ప ద ని స పాడాను. వాడు నాలుగు వేళ్లూ గాల్లో పెట్టి, 'సా, రి, గా' దాకా వచ్చి, 'మ' దగ్గర ఆగిపోయాడు. అమ్మమ్మ అందించింది. మళ్లీ మొదటి నుంచి పట్టాడు. ఈసారి 'ప' దాకా వెళ్లాడు. ఇంకోసారి అనమని నావైపు చూశాడు.

వాళ్ల బస్సు వచ్చింది. అమ్మమ్మ డ్రైవర్‌కి తల వంచి, మీరు వెళ్లండి, మేం తర్వాతి దానికి వస్తాం అని చెప్పి, మళ్లీ కూర్చుంది.